బుల్లి వకీలు సొంత గొంతు

తొమ్మిదో తరగతిలో నేను బడి మానేస్తే మా లెక్కల సారు బెంగతో మూడు రోజులు అన్నం ముట్టలేదు. ఇది నమ్మకపోయినా ఫరవాలేదు గాని, మా దోస్తు శ్రీశైలం గురించి చెప్పేది మాత్రం నమ్మాలి. దానికి మా నాగేశు సాక్షి. బుల్లి వకీలు అభిమాన సంఘానికి నేను అధ్యక్షుణ్ణి, మిగతా సంఘమంతా నాగేశే.

శ్రీశైలానిది కొల్లాపూర్. అమ్మానాన్నలు హైదరాబాదుకు మట్టిపనికి పోయినప్పుడు వీడికి ఏడేళ్లు. నీళ్ల డ్రమ్ము దగ్గర మేస్త్రీతో వాదిస్తుంటే ఒక సీరియల్ దర్శకుడు చూసి నల్లకోటు తొడిగించి బుల్లి వకీలును చేశాడట. వీడు టీవీలో వేలెత్తి "అభ్యంతరం తాతగారూ" అంటే మా వీధిలో పొయ్యి మీది అన్నాలన్నీ మాడిపోయేవి. రెండేళ్లు గడిచి, పాలపళ్లు ఊడి పెద్దపళ్లు రాగానే వేషం పోయింది.

మాకు ఎనిమిదేళ్ల కింద పెబ్బేరు సంతలో దొరికాడు. మా ఎద్దు ఒకసారి కృష్ణ ఈది, అవతలి ఒడ్డున రెండెకరాలు దున్ని, పొద్దుగూకకముందే ఇంటికొచ్చిందని నేనొక రైతుకు చెబుతున్నాను. పశువులను వ్యానులో తోలే డ్రైవరొకడు వచ్చి ఎద్దు మూతి తెరిచి చూశాడు.

"అభ్యంతరం అన్నా," అన్నాడు వేలెత్తి. "దీనికి పండ్లే లేవు. అవతలి ఒడ్డుకు మర్చిపోయొచ్చిందా ఏంది?"

రైతు నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. నాగేశు నా చొక్కా పట్టి గుంజాడు.

"గా వేలు చూసినవా? బుల్లి వకీలురా."

ఆ పూట ఎద్దును మళ్లీ ఇంటికి తోలుకుపోయినా నాకు దిగులనిపించలేదు. అప్పటి నుంచి ప్రతి సంతకు ముగ్గురం ఒకే చాయ బండి దగ్గర కూర్చునేవాళ్లం. "నువ్వు టీవీల ఉండాల్సినోనివి" అని నేనంటే, "ఆడ దినమంత నిలబెడతరన్నా. ఈడ కూసోని చాయ తాగుతున్న గదా" అనేవాడు. నేను వాడి చిన్నప్పటి గొంతును అచ్చంగా అనుకరిస్తే మాత్రం కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వేవాడు. ఎందుకంత నవ్వో అప్పుడు తెలియలేదు.

పోయినేడు మృగశిర నాడు కామెర్లతో పోయాడు. ముప్పై రెండేళ్లు.

మొన్న ఏడాది తిరిగిన రోజున కొల్లాపూర్‌కు పోయాం. వాళ్లమ్మ అలివేలమ్మ అన్నం పెట్టి, పక్కన కూర్చుంది.

"బిడ్డా, మావోని గొంతు మతికొస్తలేదు. ఒక్కపారి వినబెడతవా?"

"ఇరవై ఆరు భాగాలున్నయి పెద్దమ్మా, నా ఫోన్ల. చెవులు నొచ్చేదాక విను," అని గొప్పగా పెట్టాను.

ఆమె వంగి చూసింది. కాసేపటికి ఫోను నాకిచ్చేసింది.

"బొమ్మ మావోనిదే. గొంతు గాదు. మన మాట టీవీకి పనికిరాదని ఎవరో ఆడామెతోని చెప్పిచ్చిండ్రు. వీడు ఉత్తగ నోరు ఆడిచ్చిండు."

ఎనిమిదేళ్లుగా నేను అనుకరించింది ఎవరో హైదరాబాదు ఆడామెను. నాగేశు నా వైపు చూడకుండా మజ్జిగ తాగాడు. 

"మామిడిపండ్ల మైకు," అన్నాడు నాగేశు ఉన్నట్టుండి.

నిజమే. ఎండాకాలంలో శ్రీశైలం నాగర్‌కర్నూల్‌లో ఆటో మీద, తన గొంతు పట్టించిన మైకు మోగిస్తూ, మామిడిపండ్లు అమ్మేవాడు. ఆ ఆటోను, మైకుతో సహా, వాడు పోయాక అబ్రహాం అనే పండ్లవాడు తీసుకున్నాడు. మేం బండెక్కాం. దారిలో నా బండి కొంగలను దాటింది. ఆర్టీసీ బస్సు మమ్మల్ని దాటిందని నాగేశు అంటాడు, పట్టించుకోకండి.

బస్టాండు దగ్గర అబ్రహాం మైకు మీట మీద వేలు పెట్టి గొంతు సవరించుకుంటున్నాడు.

"మామిడిపండ్లు ఒడిసినట్టే. రేపటి సంది నేరేడుపండ్లు. దీంట్ల ఒక్కటే మాట పడ్తది. పాతది కొట్టేసి కొత్తది చెప్తున్న."

"అభ్యంతరం," అన్నాను వేలెత్తి. ఈసారి నా సొంత గొంతుతోనే.

సంగతి విని అబ్రహాం వేలు తీసేశాడు. "మైకైతే ఇయ్యను. అది నా అన్నం. నేనే వస్త, నడువుండ్రి."

ఆటో అలివేలమ్మ వాకిట్లో ఆగేసరికి అందులో ఇంకా అర బుట్ట పండ్లున్నాయి. ఆమె అలవాటుగా ఒక పండు తీసి బొటనవేలితో ఒత్తుతోంది. అప్పుడే అబ్రహాం మీట నొక్కాడు.

"కొల్లాపూర్ బేనిషాన్. తియ్యగ లేకుంటె వాపస్ తెండ్రి. ఓ అమ్మా, గట్ల ఒత్తకు. ఒత్తితె ఆగమైతది. మంచిది చూసి నేనిస్త తియ్యి."

అలివేలమ్మ చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఒత్తనులేరా," అంది మైకుతో.

మైకు మళ్లీ మొదలైంది. ఈసారి "ఓ అమ్మా" వచ్చే వేళకు ఆమె కావాలనే ఇంకో పండు తీసి ఒత్తింది. తిట్టించుకుని నవ్వింది. మళ్లీ ఇంకొకటి. నాగేశు ఆ గొంతును తన ఫోన్లోకి ఎక్కించుకునేలోపు బుట్టలో ఒత్తని పండు ఒక్కటీ మిగల్లేదు.

ఆగమైన పండ్లన్నీ మేమే తిన్నాం. నేను నలభై తిన్నాను. నాలుగేనని నాగేశు అంటాడు.