పాత బడి గడపకు పసుపు

మా ఊరి చివరి పేట రోటోటూనా దాటి పాడి పొలాల మధ్యకు వెళ్తే ఒక ఒంటిగది బడి కనిపిస్తుంది. చెక్క గోడలు, రేకుల కప్పు. ఒకప్పుడు పాల రైతుల పిల్లలు అక్కడ చదువుకున్నారు. పిల్లలు తగ్గిపోయాక బడి మూతపడింది. కొన్నాళ్లు అందులో గడ్డి నిల్వ చేశారు. ఆ తర్వాత చుట్టుపక్కలవాళ్లే ఒక ట్రస్టు పెట్టుకుని బాగుచేయించారు. చాలా చెక్కలు మార్చారు గాని గడప మాత్రం పాతదే. ఎందరో పిల్లల కాళ్లకు మధ్యలో అరిగిపోయింది. దానికి రంగు కూడా వేయనివ్వలేదు.

ఆదివారాలు ఆ గదిని మా తెలుగు తరగతికి ఇచ్చారు. పాఠం చెప్పేది నేను. మా అమ్మాయితో కలిపి కొద్దిమంది పిల్లలు. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చే బాపతే అందరూ. అయినా ఆ గదిలో కూర్చుంటే బుద్ధిగా అ, ఆలు దిద్దేవారు. నాకు కావలసింది అదొక్కటే. ఇక్కడి మా తెలుగు సంఘానికి అక్కర్లేనిది కూడా అదొక్కటే.

వాళ్లకు ప్రారంభోత్సవం కావాలి. తరగతి ఎప్పుడో మొదలైందని చెప్పినా, ఫొటోలు లేనిది ప్రారంభమే కాదన్నారు. అధ్యక్షులవారు పట్టు కండువాతో దిగారు. గోడ మీది ఫలకం చూసి, తానే ఆ బడిలో చదువుకున్నట్టు దాని చరిత్రంతా చెప్పుకొచ్చారు. పిల్లలు ఆకలితో నకనకలాడుతున్నా ఆపలేదు. మేకు కొట్టొద్దని, టేపు అంటించొద్దని, దీపం వెలిగించొద్దని ట్రస్టు పెద్దావిడ ముందే చెప్పింది. ఆయన తలూపి, తోరణాన్ని రెండు కుర్చీలకు కట్టించారు. అక్కడితో ఆగితే బాగుండేది.

ఆయన భార్య గడప దగ్గర నిలబడిపోయింది.

“చదువుల తల్లి ఉండే చోటు, ఇలా బోసి గడపేంటండీ?” అంటూ సంచిలోంచి పసుపు డబ్బా తీసింది. నీళ్లతో కలిపితే ఆరగానే రాలిపోతుందట, నూనెతో కలిపింది.

“వద్దాంటీ, ఆవిడ ఒప్పుకోదు,” అన్నాను.

“మేకులు కొట్టొద్దంది గానీ పసుపు రాయొద్దనలేదు కదమ్మా! నువ్వు మరీ ఈ దేశం వాళ్లలా కివీవి అయిపోయావు,” అన్నారు అధ్యక్షులవారు. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది.

రంగు ఎరగని ఆ చెక్క నూనెనంతా తాగేసింది. మర్నాడు పెద్దావిడ సబ్బు పెట్టి రుద్దినా పోలేదు. గీకితే గడపే పాడవుతుందని వదిలేసింది. మాకు తాళం చెవి ఇవ్వడం మానేసింది. ఆవిడను ఏమనగలను?

సంఘం మాత్రం దిగులు పడలేదు. టౌన్‌లో హాలు తీసుకుని బిర్యానీతో, డీజేతో భాషా సంబరం చేసుకుంది. తరగతి సంగతి అడిగితే ‘పాజ్‌లో ఉంది’ అన్నారు. ఆ గడప ముందు దిగిన ఫొటో ఇప్పటికీ వాళ్ల పేజీకి ముఖచిత్రం. సిగ్గయినా లేదు.

మొన్న మా అమ్మాయిని వాళ్ల స్కూలువాళ్లు ఆ బడి చూపించడానికి తీసుకెళ్లారు. ఇంటికొచ్చి బూట్లు విప్పుతూ చెప్పింది.

“అమ్మా, మన యెల్లో ఇంకా ఉంది. ఎవరు చేశారో ఆ లేడీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.”

“మంచిపని చేశావు.”

“మళ్లీ క్లాస్ ఎప్పుడు? నాకు ఋ వరకే వచ్చు.”