ఇంటి మాట ఎవరు చెప్పాలి

అక్క రాజ్యసభలో మాట్లాడే రోజున మా ఇంట్లో పాలు మాడతాయి. టీవీ ముందు నుంచి లేవలేను, పొయ్యి మీద గిన్నె సంగతి గుర్తుండదు, నెల్లూరులోని ఈ చిన్న ఇంటిని ఆ మాడు వాసన పట్టుకుందంటే సాయంత్రం దాకా వదలదు. మా ఆయన వీధి మలుపులోనే పసిగట్టి, "ఇవాళ మీ అక్క మాట్లాడిందా?" అని నవ్వుతాడు. మా పల్లె నుంచి పెద్దల సభకు వెళ్లిన మొదటి ఆడమనిషి ఆమె. అందరూ ఆమె ధైర్యం గురించే చెబుతారు గానీ, ఆమె లేచి నిలబడగానే నా కళ్లు మాత్రం ఆమె పాదాల కోసం వెతుకుతాయి. టీవీలో ముఖం చూపిస్తారు, పాదాలు చూపించరు. భయం వేస్తే అక్క కాలివేళ్లను నేలకేసి అదుముతుంది. ఆ సంగతి తెలిసింది నాకే.

మాది విడవలూరుకు తూర్పున, సరుగుడు తోపులు దాటాక సముద్రం ఒడ్డున ఉన్న చేపలు పట్టేవాళ్ల పల్లె. ఎండాకాలంలో ఇసుక కాళ్లు కాలుస్తుంటే ఆరేసిన వలల నీడ నుంచి తెప్పల నీడకు గెంతుతూ ఎర్రపీతల వెంట పరిగెత్తడం, గవ్వలతో అచ్చంగాయలాడి ఓడినవాళ్ల నెత్తిన తడి ఇసుక పోయడం, తెప్పలు ఒడ్డుకు చేరగానే వల కళ్లలో ఇరుక్కున్న పిల్ల చేపల్ని ఏరి సరుగుడు పుల్లకు గుచ్చి ఇంటికి తేవడం, మామిడికాయ ముక్కలేసి అమ్మ ముందురోజే కాచిపెట్టిన పులుసును పొద్దున్నే చద్దన్నంలో కలుపుకొని వేళ్లు నాకడం, గంగమ్మ కొలుపు వస్తే వీధి పొడుగునా కొత్త కుండల్లో పొంగళ్లు పొంగుతుంటే ఎవరి కుండ ముందు పొంగుతుందోనని పోట్లాడుకోవడం, ఇవే మా రోజులు. మా చిన్నాయనకు కొత్తగా పెళ్లయింది. విడవలూరు వెళ్లినప్పుడల్లా కనకాంబరాలు కొని తువాలులో చుట్టి దొంగసరుకులా తెచ్చేవాడు. చిన్నమ్మ తల్లో అవి కనబడగానే అక్కా నేనూ చప్పట్లు కొట్టి ఆమెను ఇంటి చుట్టూ తరిమేవాళ్లం.

వానలు మొదలైతే ఈ సందడంతా ఎటో పోయేది. నాయన, చిన్నాయన బయల్దేరాక తెప్ప కనుమరుగయ్యేదాకా అమ్మ చీపురు ముట్టేది కాదు, ఎవరినీ తుమ్మనిచ్చేది కాదు. పొద్దు వాలుతుంటే కూర కలుపుతూ కూడా చెవి సముద్రం వైపే పెట్టేది. మా ఇంట్లో ఉప్పూ చింతపండూ లేని రోజులున్నాయి గానీ ఆ దిగులు లేని రోజు నాకు గుర్తు లేదు. అది నాకు అమ్మ పాలతోనే వచ్చిందనుకుంటా.

సముద్రం చెడితే మా పల్లెకు పెద్దయిన పెద్దకాపు దురాయి వేసేవాడు. దురాయి అంటే ఊరి మొత్తానికి ఆయన పెట్టే ఆంక్ష. అది ఎత్తేసిందాకా ఎవరూ తెప్ప నీళ్లలోకి దించకూడదు. దాటినవాడి ఇంటికి నిప్పూ నీళ్లూ బంద్. అది వేయాలన్నా ఎత్తాలన్నా గంగమ్మ గుడిసె ముందు ఇసుకలో మగవాళ్లు కూర్చునే కూటంలోనే. మాట్లాడదలచినవాడు తన తువాలు ముందు పరుస్తాడు. పరిచినవాడే దాన్ని ఎత్తాలి, అంతవరకూ పెద్దకాపైనా వినాల్సిందే. అయితే ఏ ఇంటి మాట ఆ ఇంటి మగవాడే చెప్పాలి. పక్కింటి సంగతి మనమెత్తితే ఆ ఇంట్లో మగదిక్కు లేదని అన్నట్టు, అంతకు మించిన అవమానం లేదు. ఆడవాళ్లు తెప్పల వెనక నిలబడి వినొచ్చు, అంతే.

ఆ ఏడు కార్తీకంలో ఒకరోజు తెల్లారకముందే నాయనా చిన్నాయనా వేటకు వెళ్లారు. మధ్యాహ్నానికి ఈశాన్యపు గాలి విరుచుకుపడింది. మిగతా తెప్పలన్నీ పడుతూ లేస్తూ ఒడ్డుకు చేరాయి, మాది రాలేదు. ఆ సాయంత్రమే కూటంలో పెద్దకాపు దురాయి వేసేశాడు.

మర్నాడు పొద్దున మళ్లీ కూటం కూర్చుంది. చినిగిన వలల గురించి మాట్లాడుకున్నారు, తెప్పల్ని ఇంకాస్త పైకి లాగడం గురించి, ఉప్పెక్కిన బావి గురించి మాట్లాడుకున్నారు. మా నాయనా చిన్నాయనా కూర్చునే చోటు ఖాళీగా ఉంది. ప్రతివాడూ ఆ ఖాళీ వైపు ఒకసారి చూసి తల దించుకుంటున్నాడు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. మా ఇంటి మాట చెప్పాల్సిన ఇద్దరూ సముద్రంలో ఉంటే, దురాయి ఎత్తి వాళ్లను వెతుకుదామని అడిగే హక్కు తమకుందని ఒక్కరికీ తోచలేదు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. చిన్నమ్మ గోళ్లు నా చేతిలో దిగాయి. కూటం లేచిపోతే మళ్లీ మర్నాటి దాకా మాట ఉండదు.

అక్క ఎప్పుడు ఇంటికి పరిగెత్తిందో నేను చూడలేదు. దండెం మీది నాయన తువాలు తెచ్చి, మగవాళ్ల మధ్యలోంచి నడిచి, పెద్దకాపు ఎదుట పరిచి నిలబడింది. పాదాల వేళ్లు ఇసుకలోకి దిగిపోయి ఉన్నాయి.

"ఎవురిదిమే ఆ తువాలు?" అన్నాడు పెద్దకాపు.

"మా నాయనది."

"మీ నాయన యాడ?"

"నేనూ అదే అడగతుండా పెద్దకాపా. మా నాయన యాడ? మా చిన్నాయన యాడ? చెప్పిందాకా తువాలు ఎత్తను."

ఎవరో వెనకనుంచి "ఆ పిల్లని అవతలికి లాగండ్రా" అని అరిచారు. లాగొచ్చు, కానీ తువాలు ఎవరు ఎత్తుతారు? అది ఎత్తకుండా కూటం ఎలా లేస్తుంది? గాలికి దాని అంచులు కొట్టుకుంటున్నాయి. అక్కను కొడతారని, ఊర్లోంచి మమ్మల్ని వెలేస్తారని భయపడ్డాను. పెద్దకాపు సముద్రం వైపు చూశాడు.

"దురాయి ఎత్తేసినా. గుండె గలోళ్లు తెప్పలు దించండి" అన్నాడు.

అప్పటిదాకా తలలు దించుకున్న మగవాళ్లు ఒక్క ఉదుటున లేచి పరిగెత్తారు. మధ్యాహ్నం దాటాక నాయనను తెచ్చారు. విరిగిన తెప్ప దుంగను కరుచుకుని తేలుతున్నాడట. చిన్నాయన లేడు. "అల కొట్టింది" అన్నాడు నాయన. ఎప్పుడు కొట్టిందని ఎవరూ అడగలేదు. దురాయి వేయకముందా, వేసిన తర్వాతా, మేమంతా మా మాట ఎవరైనా ఎత్తుతారేమోనని నిలబడి ఉన్నప్పుడా? నాయన పోయిందాకా మాలో ఎవరికీ అడిగే ధైర్యం రాలేదు. అక్కకు కూడా.

శవం దొరకని మనిషిని చనిపోయాడని రాయాలంటే ఏడేళ్లు ఆగాలన్నారు ఆఫీసులో. ఆ కాగితం లేనిదే ఏ సాయమూ రాదు. నాయన మళ్లీ తెప్ప ఎక్కలేదు, అమ్మా చిన్నమ్మా చేపల గంపలు నెత్తిన పెట్టుకుని విడవలూరు వీధులు తిరిగి ఇల్లు నడిపారు. గడువు తీరాక కబురొస్తే చిన్నమ్మ తల దువ్వుకుని, బొట్టు పెట్టుకుని, ఆఫీసు గడప దాకా వెళ్లి వేలిముద్ర వేయకుండా తిరిగొచ్చింది. "సచ్చినాడని నేనెట్ట చెప్పేది? నేను చూసినానా?" అంది. ఇప్పటికీ బొట్టు తీయలేదు. పిల్లలు లేరు. అమ్మ పోయాక నా దగ్గరే ఉంటోంది.

అక్క నెల్లూరులో లా చదివింది. ఒడ్డు పల్లెలన్నీ తిరిగి ఆడవాళ్ల కేసులు వాదించింది. ఆ తిరుగుడు చూసే ఒక పార్టీ ఆమెను ఢిల్లీకి పంపింది. రొయ్యల గుంటల వల్ల ఉప్పెక్కిన బావుల మీద ప్రశ్న వేసింది, వేటకెళ్లిన పడవలకు గాలి కబురు అందడం లేదని నిలదీసింది. పోయిన వారం సముద్రంలో గల్లంతైనవాళ్ల కుటుంబాల గురించి తెలుగులోనే మాట్లాడింది. "మనిషి పోయాడని నమ్మడానికి సర్కారుకు ఏళ్లు కావాలి, సరే. ఆ ఏళ్లన్నీ అతని పిల్లలు ఏం తినాలి?" అంది. గంట మోగింది, ముగించమన్నారు. ఆమె కూర్చోలేదు. నా పక్కనే చిన్నమ్మ రెప్ప వేయకుండా చూస్తోంది. పరిశీలిస్తామని మంత్రి చెప్పాడు.

ఆ రోజు అక్క ఫోను కోసం కాచుకుని కూర్చున్నంతసేపూ ఊరే గుర్తొచ్చింది. కూటం కూర్చున్న ఆ ఇసుక ఇప్పుడు లేదు, సముద్రం మింగేసింది. సరుగుడు తోపుల్లో సగం రొయ్యల గుంటలయ్యాయి. తెప్పలు పోయి ఇంజను పడవలొచ్చాయి, దురాయి పోయి సెల్‌ఫోన్లలో హెచ్చరికలొస్తున్నాయి. కూటం సిమెంటు హాల్లో ప్లాస్టిక్ కుర్చీల మీద జరుగుతుంది, ఆడవాళ్లూ కూర్చుంటారు. మొన్న వెళ్లినప్పుడు గవ్వలతో అచ్చంగాయలాడే పిల్ల ఒక్కతీ కనబడలేదు. తుఫాను కబురు వింటే ఒడ్డున నిలబడే ఆడవాళ్లు మాత్రం అలాగే నిలబడుతున్నారు.

ఫోను మోగింది. "చిన్నమ్మ చూసిందా?" అంది అక్క. "ఏమనింది?"

నేనేదో చెప్పబోతుండగా చిన్నమ్మ చేయి చాచి ఫోను తీసుకుంది.

"బాగా మాట్లాడినావు బిడ్డా. ఆ ఆడోళ్లకి కాయితాలు తొందరగా ఇప్పించు, పాపం పిలకాయలు గలోళ్లు. మీ చిన్నాయన్ని మాత్రం ఆ లెక్కలో ఏయబాకమ్మా."

"అట్నే చిన్నమ్మా" అంది అక్క.