చీమలు పట్టిన కుర్చీ

మామిడిపండ్లు తిని ఇంట్లోకి దయ్యాన్ని రప్పించుకున్న ఘనుణ్ని నేను. నవ్వేవాళ్లు నవ్వండి. ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లు మాత్రం కాస్త మెల్లగా నవ్వండి.

అప్పటికి నాకు నలభై. హన్మకొండలో బట్టల దుకాణం.

"పదిహేను రోజులల్ల షుగర్ దిగకపోతే ఇన్సులిన్ సూది తప్పదు," అన్నాడు డాక్టరు.

సూదంటే నాకు వణుకు. నాన్న చివరి రోజులన్నీ సూదులతోనే గడిచాయి. అందుకే ఫోన్లో గ్లైసిమిక్ ఇండెక్స్ పట్టిక వెతికి ఫ్రిజ్‌కి అతికించాను. ఏ తిండి రక్తంలో చక్కెరను ఎంత జోరుగా పెంచుతుందో చెప్పే అంకెలవి. పుచ్చకాయది పెద్ద అంకె, మామిడిది చిన్నది. ఇంకేం, రోగి కోరిందీ మామిడే, పట్టిక ఇచ్చిందీ మామిడే.

నా భార్య సరళ పుచ్చకాయ ముక్క ఇస్తే "అంకె చూడవా?" అని కసిరాను. మధ్యాహ్నం ఆమె కునుకు తీసే వేళ నాన్న కుర్చీలో కూర్చుని, ఆరేడు పండ్లు తిని, టెంకలు కిటికీ బయటికి విసిరేవాణ్ని.

షుగర్ దిగలేదు, పెరిగింది. ఆ వెంటనే చీమలొచ్చాయి. మొదట బాత్రూం గడప దగ్గర నల్లటి బారు. తర్వాత నాన్న కుర్చీ దాకా. కుర్చీ జరిపితే బారు కూడా వంకర తిరిగి అక్కడికే వచ్చింది. కరెంటు పోయి ఫ్యాను ఆగిన నిశ్శబ్దంలో, ఖాళీ కుర్చీ మీద అవి పాకుతుంటే నా వీపు చల్లబడింది.

"మామయ్య పొయ్యే ముంగట గూడ గిట్లనే వచ్చినయ్," అంది సరళ మెల్లగా. "ఈ కుర్చీకే."

ఆ కుర్చీలో కూర్చోవడం మానేశాను. పండ్లు మానలేదు, నిలబడి తిన్నాను.

తొర్రూరు నుంచి మా మేనత్త దిగింది. ఎండుమిర్చితో దిష్టి తీసి నిప్పుల్లో వేసింది. ఒక్కరికీ దగ్గు రాలేదు. ఘాటు రాలేదంటే దిష్టి గట్టిదని మావాళ్ల నమ్మకం. ఆమె కొంగు పట్టుకుని అడిగాను.

"అత్తమ్మా, ఎవరన్న బాణామతి, చేతబడి చేసిండ్రా?"

ఆమె చీమల బారు వెంట వంగి నడిచింది. కుర్చీ, గోడ, కిటికీ. తల బయటికి పెట్టి చాలాసేపు చూసింది.

"ఆడ ఎవరున్నరు అత్తమ్మా?"

"ఎవ్వరు లేరు, టెంకలున్నయ్. కుర్చీ నిండ రసమున్నది. దయ్యమైతే ఒక్క పండు తిని పోతది బిడ్డా. ఇది దయ్యం పని గాదు."

"అంకె చిన్నదే గదా," అని గొణిగాను.

"అంకె చిన్నదే. గంప పెద్దది."

"మరి బాత్రూంల చీమలు?"

"ఒంట్ల చక్కెర మూత్రంల పోతాంది, వాసన పట్టి వస్తానయ్. మీ నాయన గూడ గా కుర్చీలనే తీపి తినెటోడు, చెప్తే నవ్విండు. కాలు తీసేసేదాక నవ్విండు."

నాకు ఏడుపొచ్చింది. ఆ సాయంత్రమే వెళ్లి సూది వేయించుకున్నాను. కళ్లు మూసి తెరిచేలోగా అయిపోయింది.

"పట్టిక జోరు చెప్తది, ఎన్ని తినాల్నో చెప్పదు," అన్నాడు డాక్టరు.

మరునాడు అదే మిర్చి పోపులో పడితే ఇల్లంతా దగ్గింది.

అప్పుడు నాన్న కుర్చీ ముందు చేతులు కట్టుకుని ప్రమాణం చేశాను. అంకె ఎంత చిన్నదైనా సరే, ఇక నాకు సగం పండే. మిగతా సగం నాన్న వాటాగా ఆ కుర్చీ చెయ్యి మీద పెడతాను. ఇంతవరకు ఒక్క చీమా దాన్ని ముట్టలేదు.