కోట తలుపు తీసినవాడు

ఆ సినిమా ఆఖరి భాగం వచ్చిన వేసవిలో, నల్గొండ దగ్గరి మా మగ్గాల వీధి రెండు పార్టీలైంది. మంత్రాలు, రెక్కల గుర్రాలు ఉన్న ఆ కథలో పెద్ద యువరాజు తండ్రి మీద అలిగి శత్రువుకు కోట తలుపు తీస్తాడు. ఆఖరి భాగంలో ఆ తండ్రినే కాపాడబోయి చచ్చిపోతాడు. దాంతో వాడి పాపం పోయినట్టేనా? దీని మీద మా చిన్నాయన కొడుకూ నేనూ ఫోన్ గ్రూపులో తిట్టుకునేవాళ్ళం. అది చాలక వాడు మా ఇంటికే వచ్చి మరీ తిట్టేవాడు. వాడిది క్షమించొద్దనే పార్టీ. నా వాదన, తప్పు ఆ వంశానిదని. కోపమొస్తే అరవరు, ప్రేమ ఉంటే చెప్పరు, అన్నీ కడుపులో పెట్టుకుని కూర్చుంటారు. అలాంటి ఇంట్లో ఎవడో ఒకడు తలుపు తియ్యక ఏం చేస్తాడు?

నా గొంతు అంతలా లేచింది సినిమా కోసం కాదు, మా అన్న కోసం. మా నాన్న, మేం బాపు అంటాం, ఏళ్ళ తరబడి మగ్గం మీద దిద్దుకుంటూ వచ్చిన పూలతీగ డిజైన్‌ను అన్న పట్నంలో ప్రింటు చీరలు చేసే సేటుకు ఇచ్చేశాడు. అక్కడ నౌకరీ దొరుకుతుందని ఆశ. అంతకుముందు దసరా నాటికి అదే తీగ మిల్లు గుడ్డ మీద బజారుకొచ్చింది. మేం నేసిన చీరలు దుకాణాల్లోనే మడతల్లో ఉండిపోయాయి. బాపు అన్నను తిట్టలేదు, కొట్టలేదు. మాట్లాడటం మానేశాడు, అంతే. అన్న ఫోన్ చేసి బాపు ఏమైనా అన్నాడా అని అడిగినప్పుడల్లా, లేదని చెప్పలేక పడుకున్నాడని చెప్పేదాన్ని.

ఒకరోజు మా గొడవ మధ్యలో బాపు మగ్గం మీంచి తలెత్తాడు. ఆయన ఆ సినిమా ఎన్నడూ పూర్తిగా చూసింది లేదు.

"సచ్చినోన్ని మాఫ్ జేసుడు సుల్వే బిడ్డా. వాడు బతికి ఇంటికొస్తే ఏం జేస్తరు?"

మా చిన్నాయన కొడుకు ఫోన్ జేబులో పెట్టుకుని లేచి వెళ్ళిపోయాడు. నాకు మాత్రం పిచ్చి ఆశ పుట్టింది. బాపు మనసు కరిగిందనుకుని ఆ సాయంత్రమే అన్నను రమ్మన్నాను.

అన్న వచ్చాడు. బాపు రమ్మనలేదు, పొమ్మనలేదు. మగ్గం మీద పాత పడుగు, నిలువు దారాల వరస, అయిపోయింది. కొత్త పడుగు పోగుల్ని దాని కొసలకు ఒక్కొక్కటిగా మెలేసి అతుకుతున్నాడు. అన్న కాళ్ళు కడుక్కుని పక్కన కూర్చుని తనూ అతకడం మొదలుపెట్టాడు. ఏదో ఒక మాట రాకపోతుందా అని నేను చాయ్ మీద చాయ్ పెట్టిచ్చాను. తాగి మళ్ళీ పోగులందుకున్నారు. పొద్దుగూకే వేళకు అన్న లేచి, పోయొస్త బాపూ అన్నాడు. బాపు తల ఊపాడో, పోగు కోసమే వంచాడో నాకు అర్థం కాలేదు. ఊపాడనే మా అన్న నమ్మాడు. కళ్ళు తుడుచుకుంటూ బస్సెక్కాడు.

బస్సు దాకా వెళ్ళి నేను తిరిగొచ్చేసరికి బాపు, అన్న అతికిన పోగుల్ని ఒక్కొక్కటే విప్పి తనే మళ్ళీ అతుకుతున్నాడు.

"అన్న సరిగ్గ అతకలేదా బాపూ?"

"మంచిగనే అతికిండు. నాకంటె మంచిగ అతికిండు" అన్నాడు. విప్పడం మాత్రం ఆపలేదు. "ఏం జెయ్యను బిడ్డా, నా చేతులు నా మాట ఇంటలేవు."