జేబులో పాచికలు, గల్లీలో వెతుకులాట

మొన్న ఎండాకాలం సెలవుల్లో వరంగల్ కొత్తవాడలో మా గల్లీ గల్లీ అంతా రెండు పాచికల కోసం నేలమీద వంగింది. వంగేలా చేసింది నేనే. అవి ఎక్కడున్నాయో తెలిసిన మనిషినీ నేనే!

ముందు నా సంగతి చెప్పాలి. బొంబాయి పక్కన భీవండిలో పవర్‌లూమ్ పని, ఇద్దరాడపిల్లలు, ఊరుకాని ఊరు. ఎవర్ని చూసి ఏం నేర్చుకుంటారోనని నాకు ఎప్పుడూ గుబులే. పెన్సిల్ గురించి అబద్ధమాడినా అరగంట హితబోధ చేస్తాను. అలాంటి నేను పాత సామాన్ల బజారులో పిల్లలకని ఒక ఆట కొన్నాను. దొంగసరుకు కాదు కదా అని అమ్మేవాణ్ణి అడిగి అడిగి విసిగించి మరీ కొన్నాను.

అది మన ఇంటూ-సున్నా ఆటే. కాకపోతే చెక్కపలక మీద తొమ్మిది గళ్లు, వాటిలో మూడు నుంచి పదకొండు దాకా అంకెలు. రెండు పాచికలు వేసి, కలిపి ఎంత పడితే ఆ గడిలో మన బిళ్ల పెట్టాలి. అక్కడ అవతలివాళ్ల బిళ్ల ఉంటే తీసి పారేయడమే. మూడు వరసగా వస్తే గెలుపు. రెండు పడినా, పన్నెండు పడినా వంతు పోయినట్టే. పెద్దది పద్మ, చిన్నది లత, ఇద్దరికీ దాని మీదే ప్రాణం. వరంగల్‌లో తాత ఇంటికి కూడా మోసుకొచ్చారు.

రైలు దిగి రిక్షా ఎక్కాక గుర్తొచ్చింది నాకు. మా బాపుకు పాచికలంటే పడదు! ఆయనకు అన్న, మా పెద్దబాపు, జూదంలో మగ్గం పోగొట్టుకున్నాడు. అప్పటినుంచి మా ఇంట్లోకి పేకముక్క కూడా రాలేదు. నా పిల్లల చేతిలో పాచికలు చూస్తే, ఇదేనా నీ పెంపకం అనడూ? రెండేళ్లకొకసారి చూసే తాత ముందు నా పిల్లలు తక్కువైపోరూ? పిల్లలు బయటికి చూస్తుండగా డబ్బా తెరిచి, పాచికలు తీసి చొక్కా జేబులో వేసుకున్నాను.

మధ్యాహ్నం పద్మ డబ్బా తెరిచింది. పాచికలు లేవు. రైల్లో పడిపోయి ఉంటాయన్నాను. ఉత్త ఇంటూ-సున్నా ఆడుకుంటారులే అనుకున్నాను. లత ఏడుపు అందుకుంది.

బాపు మగ్గం మీద ఉన్నాడు. సేటు సాయంత్రానికి వచ్చి తీసుకుపోవాల్సిన జంపఖానా ఇంకా మూరెడు మిగిలి ఉంది. ఆయన దిగొచ్చి, ఏం పోయింది బిడ్డా అని అడిగాడు. లత వచ్చీరాని తెలుగులో చెప్పింది. పాచికలు అన్న మాట విని కోప్పడతాడనుకున్నాను. ఆయన అంగీ తొడుక్కున్నాడు.

“పారా, టేషన్ల అడిగొద్దాం.”

ఆ ఎండలో ముసలాయన స్టేషన్‌కు నడుస్తాడా? కంగారుపడి, రైల్లో కాదు బాపు, గల్లీ మొదట్ల రిక్షా దిగేటప్పుడు చూసినట్టు గుర్తు అన్నాను. ఇక చూడండి! బాపు గల్లీలో కేకేశాడు. మగ్గాలు ఆగిపోయాయి. ఆరేసిన జంపఖానాలు దులిపారు, మోరీలో పుల్లలు పెట్టి కెలికారు. ఎదురింటి రాజవ్వ చీపురు పట్టుకొచ్చి, “బొంబాయి దిక్కు బతుకుతాండు గని, రెండు గోటీలంత సామాను కాపాడుకోలేకపాయె” అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వి, అవి ఎంతెంత ఉంటాయో వేలు చూపించి మరీ చెప్పాను.

ఇక లాభం లేదు, దొరికినట్టు చేద్దామనుకున్నాను. అరుగు పక్కన నూలు మూట వెనక జారవిడిచి, ఇగో దొరికినయ్ అంటే సరి. వంగాను. నేను విడిచేలోపే అవి జేబులోంచి జారి, అరుగు మెట్టు మీద టకటకమని దొర్లి, బాపు కాళ్ల దగ్గర ఆగాయి. రెండు ఆర్లు. నా వంతు పోయింది.

లత నా జేబును చూసింది, నా ముఖం చూసింది.

“పప్పా, నువ్వు అబద్ధం చెప్పినావా?”

ఇన్నేళ్లు నేను చెప్పిన నీతులన్నీ ఆ పిల్ల కళ్లలో కనిపించాయి. చివరికి పెద్దబాపు సంగతి నీళ్లు నములుతూ బయటపెట్టాను. బాపు పాచికలు తీసి, దుమ్ము ఊది, లత చేతిలో పెట్టాడు.

“అబద్ధం కాదు బిడ్డా, బుగులు, ఉత్త భయం. మీ నాయినకు చిన్నప్పటిసంది ఉన్నదే. జర నాకు నేర్పు ఈ ఆట.”

లత అప్పటికీ నాతో మాట్లాడలేదు. తాతను మాత్రం చెయ్యి పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టింది. ఇద్దరూ మొదలుపెట్టారు. ఒక ఆట, ఇంకో ఆట. బాపు ఓడినప్పుడల్లా మళ్లీ వెయ్యమంటున్నాడు. సేటు వస్తాడు, మూరెడు మిగిలే ఉంది. చేసిన పాపం కొంతైనా కడుక్కుందామని మగ్గం మీద నేనే కూర్చున్నాను.

చాలాసేపటికి బాపు వచ్చి చూశాడు. ఎర్రచార ఉండాల్సిన చోట నీలం నేసి ఉంది, అదీ వంకరగా. లత కూడా తొంగిచూసి, అప్పుడు నవ్వింది, అబద్ధం బయటపడ్డాక నన్ను చూసి మొదటిసారి.

“ఆట ఒడిసినంక అదంత ఇప్పి నేనే నేస్త. సేటుకు రేపు రమ్మని చెప్పు. నువ్వు మాత్రం దిగు కొడుకా” అని బాపు మళ్లీ అరుగెక్కాడు.

పాచికలు అడుగుపెడితే మగ్గం పని పాడవుతుందని పెద్దబాపు నాటి నుంచి మా ఇంట్లో ఉన్న భయం నిజమే అయింది. కాకపోతే పాడుచేసింది, పాచికలు ఒక్కసారీ వెయ్యని నేనే!