పెంటయ్య మేస్త్రి చెక్కుకున్న పేరు

మా పెంటయ్య మేస్త్రి ఇక లేరు. కువైట్‌లో, సబ్హాన్‌లోని మా పాలరాతి కార్ఖానాలో, పలక ఎత్తుతూ నేలకొరిగి తుదిశ్వాస విడిచారు. రెండో కొస పట్టుకున్నది నేనే. రెండు వారాలు గడిచినా ఆ దిగ్భ్రాంతి నా చేతులను వదలలేదు.

ముగ్గురు బిడ్డలు పురిట్లోనే పోతే, నాలుగోవాణ్ణి పెంటకుప్ప మీద పడుకోబెట్టి, మృత్యువుకు రోత పుట్టాలని తల్లి పెట్టిన పేరది. రాయచోటి బడిలో దానికి నవ్వని నోరు లేదు. కువైట్‌కు మాత్రం చిన్నాన్న కొడుకు సుబ్బరాయుడి పాస్‌పోర్టు మీద వచ్చారు. ఇఖామా అనే నివాసపత్రంలోనూ, మమ్మల్ని పనికి తెచ్చుకున్న కఫీల్ నోట్లోనూ ఆయన సుబ్బరాయుడే.

ఒకసారి ఐర్లండు ఇంజనీరు ఇంట్లో రాయి బిగిస్తే, ఆ దొర ఒక పుస్తకం ఇచ్చాడు. అందులో వాళ్ల ప్రాచీన శిలల బొమ్మలున్నాయి. రాతి అంచు మీద గాట్లే అక్షరాలు. 'ఫలానావాడి కొడుకు ఫలానావాడిది' అనడమే తప్ప పొగడ్త లేదు. నేనే చదివి వినిపించాను. ఆ పేర్లలో కొన్నింటికి మూలం వేటకుక్క అని వినగానే మేస్త్రి లేచి నిలబడ్డారు.

"కుక్క పేరు పెట్టుకోని పెద్దోళ్లయినారు సూడబ్బీ! మా యమ్మ పెట్టిన పేరుకేం తక్కువ? నేను సస్తే నా పేరే రాయాల. సుబ్బరాయుడని రాస్తివా, దయ్యమై పట్టుకుంటా!"

ఆ తర్వాత ప్రతి శుక్రవారం, మిగిలిపోయిన నల్లరాతి పలక అంచున గాట్లు చెక్కారు. మన అక్షరాలు కొన్ని ఆ లిపిలో లేకపోతే తానే కల్పించుకున్నారు. 'వీరన్న కొడుకు పెంటయ్యది.' తన సమాధికి అదే నాటాలన్నారు.

శవపేటిక ఊరికి కదలాలంటే కాగితాల మీద ఇఖామాలోని పేరే ఉండాలన్నారు ఎంబసీ వాళ్లు. ఆయన భార్య నాగమ్మ వదినకు ఫోన్ చేశాను.

"పేరుతో నాకేం పనబ్బీ? మనిషి వొస్తే సాలు. రాసెయ్."

నా చేత్తోనే సుబ్బరాయుడని రాశాను. ఊళ్లో నిక్షేపంగా ఉన్న సుబ్బరాయుడు ఫోన్‌లో భోరుమన్నాడు, అన్న కోసం కాదు. "నేను సచ్చినట్టు కాయితం వొచ్చిందే, ఇప్పుడు నేనెవుర్ని?"

ఆయన చెక్కిన రాయి విమానానికి బరువైంది, కార్ఖానాలోనే ఉండిపోయింది. నిన్న రుమైథియాలో ఒక ఇంటి వంటగదికి పలక తక్కువ పడింది. ఫోర్‌మన్ దాన్నే చూపించి, "యల్లా, కానియ్, అంచు నునుపు చెయ్" అన్నాడు. నా బతుకూ ఆ కఫీల్ చేతిలోనే ఉంది. మిషను పెట్టాను.

అంచు ఎలా తీయాలో నేర్పింది ఆయనే. చివర్లో వేలితో తడిమి చూడమనేవారు. చూశాను. ఎక్కడా ఏమీ తగల్లేదు. అంతటి గురువు ఈ జన్మలో నాకు మళ్లీ దొరకరు. ఆయనకు నా నమస్సులు.