ఆంటీ పట్టిన ఎఫ్ కార్డ్

మా నగర శివారు టార్నీట్‌లో రైలెక్కితే నా పక్క సీట్లో అరవై దాటిన తెలుగావిడ గిటార్ పెట్టె పట్టుకుని కూర్చుంది. మనవడిదేమో అనుకుని అడిగాను.

"నాదే బాబూ," అందావిడ. తొంభైలలో మాంచెస్టర్‌లో డాక్టరుగా పనిచేసినప్పుడు అక్కడి బ్రిట్‌పాప్ రాక్ బ్యాండ్ల పాటలంటే ప్రాణమట. నిరుడు పక్షవాతం వచ్చి ఎడమచేతి వేళ్ళు బిగుసుకుపోయాయి. ఆ వేళ్ళ కోసమే గిటార్ మొదలుపెట్టింది.

"ఈ ఆర్వో, అదే ఈ మధ్యాహ్నం, పబ్‌లో ఓపెన్ మైక్ ఉంది, ఎవరైనా ఎక్కి పాడొచ్చు. అప్పటి పాటే వాయిస్తా. చూపుడువేలితో ఆరు తీగలూ ఒకేసారి నొక్కాల్సిన ఎఫ్ కార్డ్ ఒక్కటే ఇంకా సరిగా పలకట్లేదు."

"అది లేని పాట వాయించొచ్చుగా ఆంటీ?"

"అప్పుడు నా వేళ్ళకేం పని?"

ఉండబట్టలేక వెంట వెళ్ళాను. పల్లవిలో ఎఫ్ దగ్గర తీగలు బొంగురుపోయాయి. వెంటనే పబ్‌లో ఉన్నవాళ్ళంతా గొంతెత్తి ఆ పల్లవి అందుకున్నారు. ముక్కూమొహం తెలియని మనిషి తప్పును అలా పాడి కప్పేయడం నేనెక్కడా చూడలేదు. పాట అయ్యాక చప్పట్లు కొట్టారు.

ఆవిడ చెయ్యెత్తి ఆపింది. "థాంక్యూ. మళ్ళీ వాయిస్తాను. ఈసారి మీరెవరూ పాడకండి," అంది ఇంగ్లీషులో.

మళ్ళీ మొదటినుంచి అందుకుంది. ఎఫ్ దగ్గర ఆవిడ చూపుడువేలు తీగల మీంచి లేవలేదు. ఆరు తీగలూ ఖంగున మోగాయి. ఆవిడ నవ్వలేదు, ఆగలేదు. తర్వాతి కార్డుకి వెళ్ళిపోయింది.